బెల్‌విల్ ముగ్గురు, బోస్టన్‌లో పది రోజులు

1990 జనవరి. బోస్టన్ నగరంలో రాక్స్‌బరీ పేట. చలికి చెవులు మొద్దుబారిపోయాయి. కోటు జేబుల్లోంచి చేతులు బయటికి తీయబుద్ధి కావడం లేదు. పొద్దు గూకాక ఈ వైపు రావడానికి నగరంవాళ్లే వెనకాడతారు. కొన్నేళ్ల కిందట కొందరు సంగీతం పిచ్చివాళ్లు ఇక్కడ ఒక రికార్డింగ్ స్టూడియో పెట్టి, పేట సంగతి తెలుసు కాబట్టి, దానికి ఫోర్ట్ అపాచీ అని కోట పేరు పెట్టారు. 1987లో పిక్సీస్ అనే బృందం తన తొలి పాటలు రికార్డు చేసింది ఈ గోడల మధ్యే. మీరు తలుపు తోసుకుని లోపలికి రండి.

లోపల ముగ్గురు కుర్రాళ్లు. ఎవరికీ ఇరవై మూడేళ్లు దాటలేదు. గిటారు పట్టుకున్నవాడు జే ఫారర్. ముఖంలో పలకరింపు ఉండదు, కానీ నోరు తెరిస్తే వయసుకు రెట్టింపు గొంతు. పక్కన బేస్ గిటారుతో జెఫ్ ట్వీడీ. వెనక డ్రమ్స్ దగ్గర మైక్ హైడోర్న్. బృందం పేరు అంకుల్ టుపెలో. అద్దానికి అవతల యంత్రాల ముందు కూర్చున్న ఇద్దరు షాన్ స్లేడ్, పాల్ కోల్డరీ. ఈ ఇద్దరి కోసమే కుర్రాళ్లు ఇల్లినాయ్ రాష్ట్రం నుంచి ఇంత దూరం వచ్చారు. ఈ ఇద్దరూ పనిచేసిన 'బగ్' అనే ఆల్బమ్‌ను డైనోసార్ జూనియర్ బృందం 1988లో తెచ్చింది. అందులో గిటారు చెవుల్ని గీరుతూనే ఏడుస్తుంది. తమ పాటలకు అలాంటి శబ్దం కావాలని ఈ ముగ్గురి కోరిక. ఫారర్ భుజానికి వేలాడుతున్న గిటారును ఒకసారి చూడండి. 1961 నాటి గిబ్సన్ ఎస్‌జీ జూనియర్. 'బగ్' కోసం డైనోసార్ జూనియర్ గిటారిస్టు జే మాస్కిస్ వాయించింది ఈ గిటారునే.

చేతిలో ఉన్నది పది రోజులు. ఖర్చు మొత్తం మూడున్నర వేల డాలర్లు. అప్పటి మారకంలో మన అరవై వేల రూపాయలకు కాస్త తక్కువ. అంత డబ్బుతో పదమూడు పాటలు కావాలి. ఒక పాటను వంద సార్లు చెక్కే వీల్లేదు. వాయించాలి, విని తల ఊపాలి, తరవాతి పాటకు వెళ్లాలి.

టేపు తిరగడం మొదలైంది.

మొదట గిటారు. చెక్క మీద ఆకురాయి పెట్టి రుద్దినట్టు గరగర. డ్రమ్స్ వచ్చి దాని మీద పడతాయి. బేస్ కింద నుంచి నేలను కదుపుతుంది. ఫారర్ పాడుతున్నాడు. అరవడం లేదు, బతిమాలడం లేదు. గనిలోంచి పైకి వచ్చిన మనిషి దుమ్ము దులుపుకుంటూ మాట్లాడినట్టు ఉంది. ఇంతలో ఉన్నట్టుండి అంతా ఆగిపోయింది. గుండె ఒకసారి కొట్టుకునేంత మౌనం. మళ్లీ ముగ్గురూ ఒకేసారి, ఒకే దెబ్బ. ఇంకోసారి ఆగడం, ఇంకోసారి దెబ్బ. పాట వేగం కూడా మధ్యలో మారుతోంది. పరుగు కాస్తా నడకై, నడక మళ్లీ పరుగవుతోంది. హైడోర్న్ చేతులు ఒక్క క్షణం తడబడినా పాట మొత్తం కూలిపోతుంది. తడబడలేదు. ఇలాంటి ఆగుళ్లు రాత్రికి రాత్రి రావు. ఈ ముగ్గురూ కొన్నేళ్లుగా ఒకరి ఊపిరి ఒకరు వింటున్నారు.

ఆ పాట పేరు 'గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్'. మాటకు మాట పెడితే శ్మశానం షిఫ్టు. మన మిల్లుల్లో, గనుల్లో నైట్ షిఫ్టు అనేదే. ఊరు నిద్రపోయాక పనిలోకి దిగి, ఊరు లేచాక నిద్రకు పడే బతుకు. అమెరికాలో కుర్రాళ్లు తమ మొదటి రికార్డును ప్రేమతోనో, కారుతోనో, సముద్రపు ఒడ్డుతోనో మొదలుపెట్టడం రివాజు. వీళ్లు డ్యూటీతో మొదలుపెట్టారు.

ఎందుకో తెలియాలంటే స్టూడియో వదిలి నాతో బెల్‌విల్ రావాలి.

మిసిసిపీ నదికి ఈ ఒడ్డున ఇల్లినాయ్, ఆ ఒడ్డున మిస్సోరీ. ఆ ఒడ్డున సెయింట్ లూయిస్ నగరం, దాని ఆకాశంలో ఉక్కు కమాను. నది దాటి ఇటు పాతిక కిలోమీటర్లు వస్తే బెల్‌విల్. జర్మనీ నుంచి వలస వచ్చిన కుటుంబాలు కట్టుకున్న ఇటుక ఇళ్లు. ఒకప్పుడు చుట్టూ బొగ్గు గనులు, ఊళ్లో ఇనుప పొయ్యిలు పోతపోసే కార్ఖానాలు, బీరు తయారుచేసే బట్టీలు. గనులు ఎప్పుడో పోయాయి. పోతపనీ తగ్గుతూ వచ్చింది. స్టాగ్ బీరు కాచిన బట్టీ కూడా 1988లో మూతబడింది. ఈ కుర్రాళ్లు పార్టీల్లో వాయిస్తూ తిరుగుతున్న రోజులవి. తండ్రుల తరానికి ఊళ్లో పని దొరికింది. కొడుకుల తరానికి ఆ పని జ్ఞాపకం మాత్రమే మిగిలింది.

ట్వీడీ తండ్రి రైల్వే ఉద్యోగి, పక్కనున్న ఈస్ట్ సెయింట్ లూయిస్ యార్డులో జీవితమంతా పనిచేసినవాడు. ఫారర్ తండ్రి మిసిసిపీలో పూడిక తీసే డ్రెడ్జర్ మీద పనిచేశాడు. ఓజార్క్ కొండల నుంచి వచ్చిన మనిషి, ఇంట్లో అకార్డియన్ వాయిస్తూ పాత పాటలు పాడేవాడు. తల్లి పాత పుస్తకాల కొట్టు నడిపేది. ఆ ఇంట్లో వాద్యాలకు లోటు లేదు, అన్నదమ్ములంతా ఏదో ఒకటి వాయించేవారు. కంట్రీ అనే అమెరికా పల్లె సంగీతం ఫారర్‌కు పుస్తకంలోంచి దొరకలేదు. పొద్దున్నే కాఫీ వాసనలాగా వంటింట్లోంచి వచ్చింది. దాన్ని కాదనుకునే వయసులో, హైస్కూల్లో, అతనికి ట్వీడీ పరిచయమయ్యాడు. ఇద్దరినీ కలిపింది పంక్.

పంక్ అంటే ఏమిటో రెండు మాటల్లో చెప్తాను. మూడు కార్డ్‌లు, అంటే మూడు స్వరాల గుత్తులు, వస్తే చాలు, గిటారు పట్టుకుని నిలబడు, నీకు చెప్పాల్సింది ఉంటే చెప్పు, నైపుణ్యం కోసం ఆగకు అని కుర్రాళ్లకు ధైర్యం ఇచ్చిన సంగీతం అది. పెద్ద కంపెనీ అక్కర్లేదు, అందమైన బట్టలు అక్కర్లేదు. కాలిఫోర్నియా ఓడరేవు పట్టణం సాన్ పెడ్రో నుంచి వచ్చిన మినిట్‌మెన్ అనే త్రయం దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. శ్రమజీవుల పిల్లలు తమ పేట సంగతులే పాడుకోవచ్చని చూపించింది. ఆ బృందం గాయకుడు డి. బూన్ 1985 డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో పోయాడు. బెల్‌విల్ కుర్రాళ్లు ఆ లోటును సొంత మనిషి పోయినట్టే మోశారు. తమ రెండో ఆల్బమ్‌లో అతని పేరునే పాటకు పెట్టారు.

అంకుల్ టుపెలో కాకముందు వీళ్లు ప్రిమిటివ్స్ అనే పేరుతో అరవైల నాటి గరాజ్ రాక్ పాటలు వాయించారు. అప్పట్లో ఫారర్ అన్న వేడ్ గాయకుడు. అన్న బృందం విడిచాక ముగ్గురే మిగిలారు, 1987లో పేరు మారింది. ఇక్కడే అసలు మలుపు. పంక్ వాయిస్తూ వాయిస్తూ, వంటింట్లో విన్న పాత పాటలు కూడా అదే మాట చెబుతున్నాయని వీళ్లకు తెలిసింది. పని లేదు, డబ్బు లేదు, ఊరు వదలలేను, ఊళ్లో ఉండలేను. తాతల కాలపు గాయకులు దాన్ని నెమ్మదిగా చెప్పారు, పంక్ కుర్రాళ్లు గట్టిగా చెప్పారు. గొంతు ఎత్తులోనే తేడా.

ఇప్పుడు నది దాటి అవతలి ఒడ్డుకు రండి. సెయింట్ లూయిస్‌ను ఆనుకుని యూనివర్సిటీ సిటీ, అందులో డెల్మార్ వీధి. సిసిరోస్ అనే ఇటాలియన్ హోటల్. పైన పిజ్జా తినేవాళ్లు. మీరు మెట్లు దిగి నేలమాళిగలోకి వెళ్లండి. పైకప్పు తలకు తగిలేంత కిందికి ఉంది. బీరు, చెమట, సిగరెట్ పొగ కలిసి గాలి బరువెక్కింది. వేదిక అన్నది పేరుకే, గాయకుడి చెప్పులు మీ మోకాళ్ల ఎత్తులో ఉంటాయి. యాంప్ మీ ఛాతీకి ఎదురుగా. అంకుల్ టుపెలో మొదలుపెట్టింది. ముందు వరుస కుర్రాళ్లు ఒకరినొకరు తోసుకుంటూ ఎగురుతున్నారు. పాట మధ్యలో ఆగి, వేగం తగ్గి, కంట్రీ నడకలోకి దిగగానే వాళ్లకు కాసేపు ఏం చేయాలో తోచదు. కాళ్లు గాల్లోనే ఉండిపోతాయి. రెండు పాటలయ్యేసరికి అలవాటు పడతారు. తోపులాటా వాళ్లదే, ఆ నెమ్మది ఊగుడూ వాళ్లదే. సెయింట్ లూయిస్‌లో ఒక రికార్డుల కొట్టులో పనిచేసే టోనీ మార్ఘరీటా వీళ్ల కచేరీలు చూశాడు. ఫారర్, ట్వీడీ ఇద్దరే గిటార్లతో కూర్చుని పాడిన రోజున విని, మీ వ్యవహారాలు నేను చూస్తాను అన్నాడు. చప్పుడు తీసేసినా పాట నిలబడుతోందని పట్టుకున్న చెవి అతనిది.

1989లో ఇల్లినాయ్‌లోని షాంపేన్ పట్టణంలో, ఒక ఇంటి అటక మీది స్టూడియోలో పది పాటల క్యాసెట్ తయారైంది. దాని పేరు 'నాట్ ఫరెవర్, జస్ట్ ఫర్ నౌ'. అది చేతులు మారి చిన్న కంపెనీ రాక్‌విల్ రికార్డ్స్ దాకా వెళ్లింది. ఒప్పందం కుదిరింది. బోస్టన్ ప్రయాణం అలా వచ్చింది.

మళ్లీ స్టూడియోకి. ఎన్నో రోజో తెలియదు, స్టూడియో లోపల పగలూ రాత్రీ తేడా ఉండదు. ఇప్పుడు వినబోయే పాట వీళ్లు రాసింది కాదు. వీళ్ల తల్లిదండ్రుల చిన్ననాటిది.

వర్జీనియా కొండల్లో కార్టర్ కుటుంబం అని ఒకటుండేది. ఎ.పి. కార్టర్, భార్య శారా, మరదలు మేబెల్. 1927లో బ్రిస్టల్ పట్టణానికి వచ్చిన రికార్డింగ్ బృందం ముందు పాడి, అమెరికా జానపద సంగీతానికి పునాదిరాయి అయ్యారు. 1936లో, దేశమంతా ఆర్థిక మాంద్యంలో విలవిల్లాడుతున్నప్పుడు, 'నో డిప్రెషన్ ఇన్ హెవెన్' అనే భక్తిపాట రికార్డు చేశారు. స్వర్గంలో మాంద్యం ఉండదు కాబట్టి అక్కడికే పోతాను అనే భావం. ఇంగ్లీషులో డిప్రెషన్ అనే మాటకు రెండు అర్థాలు. ఒకటి బజారును పడగొట్టేది, ఇంకొకటి మనిషిని లోపల నుంచి పడగొట్టేది. తెలుగులో మనం మాంద్యం, కుంగుబాటు అని రెండు మాటలు వాడతాం. ఆ పాటలో రెండూ ఒకే మాటలో ఇమిడిపోయాయి.

ఇప్పుడు ఆలోచించండి. పంక్ బృందం పాత భక్తిపాట తీసుకుంటే ఏం చేస్తుందని అనుకుంటారు? వెక్కిరిస్తుందనే. ఆ రోజుల్లో అది ఎంత సులువో. అప్పటి నగరాల్లో చదువుకున్న కుర్రాళ్లకు కంట్రీ అంటే టోపీ పెట్టుకున్న పల్లెటూరివాడి ఏడుపు. ఈ ముగ్గురూ వెక్కిరించలేదు. అకూస్టిక్ గిటారు పట్టుకుని, పాటను దాని నడకలో దాన్ని నడవనిచ్చారు. కాస్త ఉరికించారు, అంతే. ఫారర్ గొంతులో ఎగతాళి లేశమైనా లేదు. స్వర్గం మీద అతనికి నమ్మకం ఉందా లేదా అని మీకు తట్టదు. ఈ లోకంలో మాంద్యం ఉందని అతనికి తెలుసు అన్న సంగతి మాత్రం అర్థమవుతుంది. బెల్‌విల్‌లో దాన్ని చూసొచ్చాడు. ఆల్బమ్‌కు ఆ పాట పేరే పెట్టారు, 'నో డిప్రెషన్'. ఈ రికార్డులో నాకు అన్నిటికన్నా సాహసంగా కనిపించేది ఈ పేరే. గిటారు ఎంత గట్టిగా మోగించినా ఇంత ధైర్యం కాదు.

దాని వెనకే, ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వకుండా, 'ఫ్యాక్టరీ బెల్ట్'. కార్ఖానాలో సరుకు మోసే బెల్టు ఆగదు, పాటా ఆగదు. ఆ బెల్టుకు బలికాకుండా తప్పించుకోవాలన్న కుర్రాడి తపన. భక్తిపాటను, ఈ పాటను పక్కపక్కన పెట్టడంలోనే వీళ్ల మనసు తెలుస్తుంది. రెండిటికీ మధ్య యాభై నాలుగేళ్లు. వినేవాడికి ఆ దూరం తెలియదు.

ఇప్పుడు గదిలో దీపాలు తగ్గించారనుకోండి. 'విస్కీ బాటిల్' వస్తోంది. ఈ పాట దగ్గర నేను ఎక్కువసేపు కూర్చుంటాను, మీరూ కూర్చోండి.

మొదట అకూస్టిక్ గిటారు, నెమ్మదిగా. ఆపైన ఒక వాద్యం జారుకుంటూ వస్తుంది. పెడల్ స్టీల్ గిటారు. వాయిస్తున్నది బోస్టన్ వాద్యకారుడు రిచ్ గిల్బర్ట్. కాళ్లున్న చిన్న బల్లలా ఉంటుంది. ముందు కూర్చుని వాయిస్తారు. ఎడమచేతిలో ఉక్కు కడ్డీ తీగల మీద జారుతుంది. కుడిచేయి మీటుతుంది. కాళ్లు పెడళ్లు తొక్కుతుంటే తీగల శ్రుతి మారుతూ ఉంటుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్టు దిగినట్టు కాకుండా, చెంప మీద కన్నీరు జారినట్టు వెళ్తుంది. గోటువాద్యం విన్న చెవికి ఈ జారుడు కొత్త కాదు. తీగ మీద కడ్డీ జార్చి గమకం పలికించే కిటుకు మనకూ ఉంది.

పాటలో మనిషి ఒక చిన్న ఊళ్లో ఉన్నాడు. సారా, తుపాకులు తేలిగ్గా దొరికే ఊరు. ప్రార్థన దగ్గరికి వెళ్లాల్సినవాడు సీసా దగ్గరికి వెళ్తాడు. ఇది ఈ కాసేపటికే అని తనకు తాను చెప్పుకుంటాడు. తాగేవాళ్లంతా చెప్పుకునే మాట అదే, మీ బంధువుల్లో ఒకరి నోటనైనా మీరు వినే ఉంటారు. చరణం ఒంటరిగా, అణిగిమణిగి నడుస్తుంది. పల్లవి రాగానే గిటారు కట్ట తెగుతుంది. అంతసేపూ నోరు మూసుకుని కూర్చున్న మనిషి బల్ల మీద గుద్ది లేచి నిలబడినట్టు ఉంటుంది. మళ్లీ చరణం, మళ్లీ ఆ జారుడు, మళ్లీ కట్ట తెగడం. దుఃఖం ఎప్పుడు కోపమైందో, కోపం ఎప్పుడు నీరుగారి దుఃఖమైందో గీత గీసి చూపించలేరు. కంట్రీకి పంక్ కలిపారు అని ఈ రికార్డు గురించి అందరూ అంటారు. ఆ మాట నాకు రుచించదు. పాలల్లో నీళ్లు కలిపినట్టు రెండు విడి వస్తువుల్ని కలపడం కాదిది. ఒకే మనిషి, రాత్రి పది గంటలకూ, రాత్రి రెండు గంటలకూ.

షాంపేన్ అటక మీద చేసిన క్యాసెట్‌కు పేరు ఈ పాటలోంచే వచ్చింది. అంటే పాట అప్పటికే వాళ్ల చేతిలో ఉంది. బోస్టన్‌లో దానికి పెడల్ స్టీల్ తోడయ్యింది, గిటారుకు పళ్లు వచ్చాయి.

తరవాతి పాటల్లో కొన్నింటిని తొందరగా దాటేస్తాను. 'అవుట్‌డన్', 'సో కాల్డ్ ఫ్రెండ్' చెడ్డవి కావు, కానీ ఆగడం, పేలడం అనే పట్టు అప్పటికి మనకు తెలిసిపోయింది. కొత్తగా తగలవు. 'ట్రైన్' అలా కాదు. దాన్ని ట్వీడీ పాడాడు. ఫారర్ గొంతు ఇనుమైతే ఇతనిది పచ్చి కొమ్మ. రైల్వే ఉద్యోగి కొడుకు గేటు దగ్గర నిలబడి గూడ్సు బండి పోవడం చూస్తున్నాడు. బండి మీద యుద్ధ సామగ్రి. చదువు మానేసిన, ఆరోగ్యంగా ఉన్న తనలాంటి కుర్రాణ్ణే ముందు పట్టుకుపోతారన్న భయం. ఆల్బమ్ 1990 జూన్ 21న విడుదలైంది. సరిగ్గా ఆరు వారాలకు, ఆగస్టు 2న, ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దూరింది. చూస్తుండగానే అమెరికా సైన్యం ఎడారికి కదిలింది. జనవరిలో స్టూడియోలో కూర్చుని ఈ పాట పాడిన కుర్రాడికి అదేం తెలియదు. ఊళ్లో గేటు దగ్గర నిలబడ్డవాడికి కనిపించేది అతనికి కనిపించింది, అంతే.

'స్క్రీన్ డోర్' వచ్చేసరికి చప్పుడంతా తగ్గిపోతుంది. ఇంటి ముందు జాలీ తలుపు, అరుగు మీద నలుగురు స్నేహితులు, ఎవరి జేబులోనూ డబ్బు లేదు కాబట్టి ఎవరూ ఎవరికన్నా ఎక్కువ కాదు. ఇదీ ట్వీడీదే. అకూస్టిక్ గిటారుతో, సాయంత్రపు ఎండలో పాడుకునేలా ఉంటుంది. మన పల్లెల్లో అరుగు మీద కూర్చుని పొద్దు పుచ్చిన ఎవరికైనా ఈ పాట వినగానే మనసు తేలికపడుతుంది. ఇంత బరువైన రికార్డులో ఆ తేలిక చాలా అవసరం.

చివరిది 'జాన్ హార్డీ'. వెస్ట్ వర్జీనియాలో హత్య చేసి 1894లో ఉరికంబం ఎక్కిన ఒక రైల్వే కూలీ కథ. జనం నోట పాటై, లెడ్ బెల్లీ లాంటి నల్లజాతి గాయకుల గొంతులోనూ బతికింది. ఈ ముగ్గురూ దాన్ని పట్టుకుని పరుగు లంకించుకున్నారు. డ్రమ్స్ ఉరికే గుర్రం. ఆ ఉరుకులోనే ఆల్బమ్ టక్కున అయిపోతుంది.

టేపు ఆగింది. యాంప్‌లు ఆపేశాక కూడా చెవుల్లో గుయ్యిమని ఒక శబ్దం మిగిలిపోయింది. తలుపు తెరిస్తే రాక్స్‌బరీ చలి అక్కడే ఉంది.

కంట్రీ వైపు నడిచిన రాక్ కుర్రాళ్లలో వీళ్లే మొదటివాళ్లని నేను అనను. అది అన్యాయం. 1968లోనే బర్డ్స్ అనే రాక్ బృందం కంట్రీకి రాజధాని అయిన నాష్‌విల్ వెళ్లి 'స్వీట్‌హార్ట్ ఆఫ్ ది రోడియో' చేసింది. అప్పుడు ఆ బృందంలో ఉన్న గ్రామ్ పార్సన్స్ ఆ దారిలోనే ప్రాణం పెట్టాడు. జేసన్ అండ్ ది స్కార్చర్స్ నాష్‌విల్ గడ్డ మీదే కంట్రీని పంక్ వేగంతో ఉరికించారు. ఇంగ్లండ్ పంక్ బృందం మీకాన్స్ 1985లో 'ఫియర్ అండ్ విస్కీ' తెచ్చింది. మీట్ పపెట్స్ ఉన్నారు, ఎక్స్ బృందంవాళ్లు ఉన్నారు. దారి ముందే ఉంది. అయితే ఆ దారిలో నడిచినవాళ్లలో చాలామంది కంట్రీని ఎక్కడికో వెళ్లి తెచ్చుకున్నారు. బెల్‌విల్ ముగ్గురూ అది ఇంట్లోనే ఉందని గుర్తించారు. తమ ఊరి పని, తమ ఊరి తాగుడు, తమ ఊరి భయం, వాటిని తమ వయసుకు తగిన చప్పుడుతో చెప్పారు. ఈ రికార్డులో బేస్ కొన్నిచోట్ల పలుచగా వినిపిస్తుంది. ఇరవై మూడేళ్లవాడు అరవై ఏళ్ల నిరాశను మోస్తున్నాడే అని అక్కడక్కడా అనిపిస్తుంది. రెండు మాటలూ నిజమే. ఆ లోపాలను సరిచేస్తే ఈ రికార్డు మిగలదని నా నమ్మకం.

ఏడాదిలో పదిహేను వేల ప్రతులు అమ్ముడయ్యాయి. అదే 1990లో కంట్రీ రేడియోను ఏలుతున్న గార్త్ బ్రూక్స్ అమ్మకాల ముందు అది ఆవగింజ. కానీ విన్నవాళ్లలో కొందరు తామే గిటారు పట్టుకున్నారు. అంకుల్ టుపెలో ఇంకో మూడు ఆల్బమ్‌లు చేసింది. మూడోదానికి ఆర్.ఇ.ఎం. గిటారిస్టు పీటర్ బక్ నిర్మాతగా కూర్చున్నాడు. హైడోర్న్ మధ్యలోనే బృందం వదిలాడు. ఫారర్‌కు, ట్వీడీకి మాటలు తగ్గిపోయాయి. 1994 మే 1న సెయింట్ లూయిస్‌లో మిసిసిపీ నైట్స్ అనే వేదిక మీద చివరి కచేరీ జరిగింది. ఫారర్ సన్ వోల్ట్ పెట్టాడు, హైడోర్న్ మళ్లీ వచ్చి అతని వెనక డ్రమ్స్ దగ్గర కూర్చున్నాడు. ట్వీడీ మిగిలినవాళ్లతో విల్కో పెట్టాడు. 1995లో సియాటిల్ నుంచి గ్రాంట్ ఆల్డెన్, పీటర్ బ్లాక్‌స్టాక్ ఈ తరహా సంగీతం కోసమే ఒక పత్రిక మొదలుపెట్టారు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'నో డిప్రెషన్'. 1936లో కొండ ప్రాంతపు కుటుంబం పాడిన భక్తిపాట పేరు, పంక్ కుర్రాళ్ల చేతుల మీదుగా, ఒక సంగీత ధోరణికి ఇంటిపేరైంది. దాన్నే ఇప్పుడు ఆల్టర్నేటివ్ కంట్రీ అంటున్నారు.

రాయల్టీల విషయంలో బృందానికి, రికార్డు కంపెనీకి మధ్య వివాదం కోర్టుకెక్కింది. 2000లో అది తేలి, తొలి మూడు ఆల్బమ్‌ల హక్కులు పాడినవాళ్ల చేతికే తిరిగొచ్చాయి. 2003లో 'నో డిప్రెషన్' మళ్లీ విడుదలైంది. 2014లో వచ్చిన ప్రతిలో షాంపేన్ అటక మీద చేసిన ఆ పది పాటల క్యాసెట్ కూడా చేర్చారు. రెండూ పక్కపక్కన వింటే పాట ఎలా పెరిగి పెద్దదయిందో మీకే వినిపిస్తుంది.

ఇప్పుడు ఈ ఆల్బమ్ వినడానికి సెయింట్ లూయిస్ వెళ్లనక్కర్లేదు, మీ ఫోనులోనే దొరుకుతుంది. ఒక్క మాట మాత్రం వినండి. పాటల వరస తారుమారు చేయకండి. 'గ్రేవ్‌యార్డ్ షిఫ్ట్' దగ్గర మొదలుపెట్టి 'జాన్ హార్డీ' దాకా, ఒకే బిగిన, రాత్రి భోజనాలయ్యాక, ఇంట్లో మిగతావాళ్లు పడుకున్నాక వినండి. వీలైతే మీ ఇంట్లో నైట్ షిఫ్టు చేసినవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. మాటలు అర్థం కాకపోయినా ఫరవాలేదు. 'విస్కీ బాటిల్' మొదటి పల్లవి దగ్గర గిటారు కట్ట తెగినప్పుడు, వాళ్ల ముఖం చూడండి.